ఏడింటికి తెల్లవారే ఊళ్లో

సింగపూర్‌లో ఏడాది పొడవునా ఏడింటికి కాస్త అటూఇటూగా తెల్లవారుతుంది, మళ్లీ ఏడింటికే పొద్దుగూకుతుంది. భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ పైన ఉన్న ఊరు కాబట్టి పగలు పెరగడం, తరగడం అంటూ ఉండదు. నిజానికి ఈ ఊరున్న చోటుకి సూర్యుడు ఆరింటికే రావాలి. గడియారాన్ని ముందుకు జరుపుకుంటూ వచ్చి, చివరికి 1982 జనవరి 1న మలేసియాతో పాటు ఇంకో అరగంట జరిపారు. దాంతో ఐదున్నరకి లేచి కిటికీ తీస్తే బయట చిమ్మచీకటి. ఏడున్నరకి పిల్లల బడి మొదలు. ఎనిమిదిన్నరకి ఎమ్మార్టీ రైల్లో నిలబడడానికి చోటుండదు. ఎండా, పనీ ఒకేసారి నెత్తినెక్కుతాయి.

వైజాగ్ బీచ్ రోడ్డులోనో, హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో పొద్దున్నే వాకింగ్ ముగించుకుని, పేపరు పట్టుకుని ఇంటికొచ్చే నాన్నల్ని చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఇక్కడ ఆ లెక్క కుదరదు. అందుకే ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఒకటే మాట: ‘చెయ్యాలనే ఉంటుందండీ, టైమే దొరకదు.’ ఆ తర్వాత మాట పట్టుదల మీదికి మళ్లుతుంది. ఫలానా ఆయన ఎంత తగ్గాడో, ఫలానా ఆవిడ మారథాన్ ఎలా పరిగెత్తిందో చెప్పుకుని, మనకి పట్టుదల లేదని తేల్చుకుని, ఇంకో గులాబ్‌జామ్ వేయించుకుంటాం.

నాకు పట్టుదల మీద అంత నమ్మకం లేదు. సగం ఆరోగ్యం ఏర్పాటులోనే ఉంది. ఒంటికి సంబంధించిన ఏర్పాటు ఈ ఊరు చాలావరకు చేసిపెట్టింది. మనసుకి సంబంధించినది మాత్రం మనకే వదిలేసింది. మనం ఇబ్బంది పడేది ఆ రెండో దాంట్లోనే.

నడక సంగతే చూడండి. ఇక్కడ కారు కొనాలంటే ముందు కారు కొనే హక్కు కొనాలి. 1990లో మొదలైన ఆ హక్కు సర్టిఫికెట్టుని వేలంలో అమ్ముతారు. 2023లో చిన్న కార్ల కేటగిరీలో కూడా దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. అది పదేళ్లకే చెల్లుతుంది, కారు ఖరీదు మళ్లీ వేరే. కాబట్టి మంచి జీతగాళ్లు కూడా స్టేషనుకి నడుస్తారు. నడిచేవాడు ఎండకీ వానకీ వెనక్కి తిరక్కుండా స్టేషన్ల చుట్టూ నాలుగు వందల మీటర్ల మేర పైకప్పు ఉన్న దారులు వేశారు. ఇళ్ల మధ్య నుంచి పార్కుల దాకా మూడు వందల కిలోమీటర్లకి పైగా నడకదారులు కలిపారు. 2011లో మలేసియా రైలు ఆగిపోయాక ఆ పట్టాల దారిని కూడా అపార్ట్‌మెంట్లకి ఇవ్వకుండా, ఇరవై నాలుగు కిలోమీటర్ల పచ్చని బాటగా ఉంచారు. సింగపూర్‌లో దిగిన మొదటి కొన్ని నెలల్లో ఏ డైటూ చెయ్యకుండానే చాలామందికి నడుం కాస్త తగ్గుతుంది. అందులో వాళ్ల గొప్పేమీ లేదు. స్కూటరు లేదు, అంతే.

2015లో హెల్త్ ప్రమోషన్ బోర్డు ‘నేషనల్ స్టెప్స్ ఛాలెంజ్’ మొదలుపెట్టి, అడుగులు లెక్కపెట్టే చేతిపట్టీలు ఉచితంగా పంచింది. అడుగులకి పాయింట్లు, పాయింట్లకి సూపర్‌మార్కెట్ వోచర్లు. డబ్బుకి లోటు లేని ఊరు ఐదు డాలర్ల వోచరు కోసం లిఫ్టు మానేసి మెట్లెక్కింది. మా పక్క బ్లాకులో ఒక తాతగారు రోజు గడవబోతుంటే పట్టీ విప్పి మనవడి చేతికి కట్టి ఆటస్థలానికి పంపేవారు. ఆయన పాయింట్లూ పెరిగాయి, పిల్లాడికీ వ్యాయామం అయింది. ఇంతకీ అందరూ వల్లించే ఆ పదివేల అడుగుల లెక్క వైద్యులు చెప్పింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో మరుసటి ఏడాది జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల యంత్రం పేరులోంచి పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఇంకా సులువు: వారానికి నూట యాభై నుంచి మూడు వందల నిమిషాలు ఒళ్లు వెచ్చబడేలా కదలండి, కనీసం రెండు రోజులు కండకి పని చెప్పండి. మనవాళ్లు మొదటిది చేస్తారు, రెండోది వదిలేస్తారు. నలభై దాటాక మోకాలిని కాపాడేది రెండోదే.

ఇక తిండి. ఇక్కడి కోపీటియాంలో, అంటే కాఫీకొట్లో, కాఫీ చెప్పడం ఒక విద్య. పొద్దున కౌంటరు దగ్గర నిలబడి వినండి. ‘కోపీ’ అంటే గట్టిగా మరిగిన కాఫీలో రెండు చెంచాల తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ పడుతుంది. ‘కోపీ ఓ’ అంటే పాలుండవు, పంచదార ఉంటుంది. ‘సియూ దాయ్’ అంటే తీపి తగ్గిస్తారు. ‘కోసోంగ్’ అంటే తీపి అసలుండదు. కౌంటరు వెనక పెద్దాయన తలెత్తడు, చెయ్యి ఆగదు, మీరన్న ముక్కని బట్టి చెంచా డబ్బాలోకి వెళ్తుంది లేదా వెళ్లదు. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడం చాలామంది మధుమేహ రోగులకి సగం మందు. 2022 డిసెంబరు 30 నుంచి సీసాల్లో, డబ్బాల్లో అమ్మే పానీయాల మీద ఏ, బీ, సీ, డీ గ్రేడ్లు వచ్చాయి. వంద మిల్లీలీటర్లలో పది గ్రాములకి మించి పంచదార ఉంటే డీ, దానికి ప్రకటన వేసుకోవడానికే వీల్లేదు. ఏడాది తర్వాత అప్పటికప్పుడు కలిపిచ్చే టీ, కాఫీ, బబుల్ టీలకీ అదే నియమం పెట్టారు.

ఇంత హడావిడి ఎందుకంటే, ఇందులో మన ప్రమేయం గట్టిగా ఉంది. 2016లో ఇక్కడి ఆరోగ్య మంత్రి మధుమేహం మీద యుద్ధం ప్రకటించారు. మరుసటి ఏడాది ఆగస్టులో అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ జాతీయ దినోత్సవ ప్రసంగంలో షుగరు జబ్బు గురించి చాలాసేపు మాట్లాడారు. అరవై దాటిన భారతీయుల్లో పదిమందికి ఆరుగురు దాని బారిన పడ్డారని జాతుల వారీగా లెక్క చెప్పారు. టీవీ ముందు కూర్చున్న మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ‘మేం లావుగా లేం కదా’ అనే ధీమా మనకి పనికిరాదు. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ పత్రికలో తన ఫోటో, తన బ్రిటిష్ సహచరుడు జాన్ యుడ్కిన్ ఫోటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి తొమ్మిది శాతం, యాజ్ఞిక్‌కి ఇరవై ఒక్క శాతం. సన్నగా కనబడే మన ఒంట్లో కొవ్వు ఎలా దాక్కుంటుందో ఆ రెండు ఫోటోలు చెప్పాయి. అందుకే ఇక్కడి క్లినిక్కుల్లో ఆసియావాళ్లకి బీఎంఐ ఇరవై మూడు దాటగానే డాక్టరు కళ్లజోడు సవరించుకుంటాడు.

మనవాళ్లకి సలహాల కొరతా లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పూ నూనే మానమంటారు, వీరమాచనేని రామకృష్ణగారు కొబ్బరినూనె తాగమంటారు. రెండు వీడియోలూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఒకే పొద్దున వస్తాయి. సింగపూర్‌లో రెంటినీ మొదలుపెట్టి, రెంటినీ పండక్కి ఆపేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లని తప్పుపట్టను. పండగ లేని తిండి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంట్లో అన్నం గిన్నె కాస్త చిన్నదై, కూర గిన్నె పెద్దదైతే, ఏ గురువూ అక్కర్లేకుండా నడుస్తుంది. అదీ ఏర్పాటే.

ఇంతవరకూ ఒంటి కథ. మనసు దగ్గరికి వచ్చేసరికి దారికి పైకప్పు వేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇండియాకీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. రాత్రి తొమ్మిదిన్నరకి మనం నడుం వాల్చుదామనుకుంటే అక్కడ అమ్మకి ఏడు, మాట్లాడడానికి తీరిక దొరికేది అప్పుడే. ఆ ఫోను పెట్టగానే అమెరికావాళ్ల మీటింగు. పక్కమీదికి చేరేసరికి తారీకు మారుతుంది. పనివేళలు మార్చమని అడిగితే యాజమాన్యం పద్ధతి ప్రకారం పరిశీలించి జవాబివ్వాలని 2024 డిసెంబరు 1 నుంచి మార్గదర్శకాలు అమల్లోకి వచ్చాయి. ఒప్పుకుని తీరాలని లేదు. అయినా అడగడం తప్పు కాదని కాగితం మీద రాసి ఉండడం చిన్న విషయం కాదు. మనలో ఎందరు అడుగుతున్నారు? ‘కియాసు’ అని ఇక్కడివాళ్లు నవ్వుకునే వెనకబడిపోతామన్న భయం, మనం ఎంసెట్ కోచింగుల నుంచే మోసుకొచ్చాం.

ఇంకో బాధ మన ఇళ్లల్లోనే ఉంటుంది, మాటల్లో రాదు. భర్త ఉద్యోగం మీద డిపెండెంట్ పాస్‌తో వచ్చిన ఇల్లాళ్లు ఒకప్పుడు లెటర్ ఆఫ్ కన్సెంట్ తీసుకుని ఉద్యోగం చేసుకునేవారు. 2021 మే 1 నుంచి అది చాలదు, కంపెనీ విడిగా వర్క్ పాస్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో టీమ్ నడిపిన అమ్మాయి ఇక్కడ పద్నాలుగో అంతస్తులో పగలంతా ఒంటరిగా ఉంటుంది. ఆవిడకి ‘యోగా చేసుకో, మనసు తేలిక పడుతుంది’ అని చెప్పడం చాలా సులువు. ఆవిడకి కావలసింది ఆసనం కాదు, పలకరింపు. శ్రీకాకుళం వైపు నుంచీ, తెలంగాణ జిల్లాల నుంచీ వచ్చి షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే తమ్ముళ్ల సంగతి మరీ వేరు. రోజంతా బరువులెత్తినవాడికి వ్యాయామం గురించి ఏం చెబుతాం? వాళ్లకి ఆరోగ్యమంటే ఆదివారం నిద్ర, ఇంటికో వీడియో కాల్, లిటిల్ ఇండియాలో నలుగురు స్నేహితులతో కడుపునిండా భోజనం.

సాయం అడగడానికి దారులు లేకపోలేదు. 2025 జూన్‌లో సింగపూర్ ‘నేషనల్ మైండ్‌లైన్ 1771’ మొదలుపెట్టింది. ఏ వేళైనా ఫోను చెయ్యొచ్చు, వాట్సాప్‌లోనూ రాయొచ్చు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకైతే 2022 నుంచి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఫోనులో ఉండాలి. ‘మనింట్లో అలాంటివాళ్లెవరూ లేరు’ అనే ఇళ్లల్లో మరీ ఉండాలి. కానీ ఫోను దాకా రాకముందు చాలా దూరం ఉంటుంది. ఆ దూరంలో పనికొచ్చేది పక్కింటి మనిషే.

ఆ విద్య నేను ఇక్కడి చైనీస్ అమ్మమ్మల దగ్గర చూశాను. మా బ్లాకు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో పొద్దున్నే డజను మంది చేరతారు. బల్లమీద చిన్న స్పీకరు, మెల్లటి పాట. మోకాళ్లు కొద్దిగా వంచి, రెండు చేతులూ నీళ్లలోంచి పైకి తీస్తున్నట్టు భుజాల దాకా లేపి, అంతే నెమ్మదిగా దించుతారు. ఒకావిడ ఊతకర్ర గోడకి ఆనించి కుర్చీలో కూర్చునే చేతులు ఆడిస్తుంది. ఎవరూ ఎవరినీ సరిచెయ్యరు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఎవరైనా రాకపోతే, అయిపోయాక ఇద్దరు లిఫ్టెక్కి వెళ్లి తలుపు కొడతారు. ఒంట్లో బాగాలేదంటే గంజి తెస్తారు, బద్ధకమంటే తిట్టి వస్తారు. ఆ తలుపు చప్పుడుకి ఏ యాపూ పాయింట్లు ఇవ్వదు. ఆ గుంపు చెదరకుండా ఉన్నది మాత్రం దానివల్లే.

మా పుంగోల్ వైపు తెలుగు ఆడవాళ్లం కొందరం సాయంత్రం ఏడు దాటాక వాటర్‌వే గట్టు మీద నడుస్తాం. ఎండ దిగిపోయి గాలి తిరిగే వేళ అది. లక్ష్యాలు లేవు, వేగం లేదు. ఎవరి అత్తగారు విజిట్ మీద వస్తే వాళ్లూ చీరమీదే స్పోర్ట్స్ షూ వేసుకుని కలుస్తారు. కొత్తగా వచ్చిన డిపెండెంట్ పాస్ అమ్మాయి మొదటి వారం వింటుంది, రెండో వారం మాట్లాడుతుంది, మూడో వారం మా అందరి రెజ్యూమెలు దిద్దుతుంది. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాదికి వేల మందిని ఒకచోట చేర్చగలదు. మామూలు మంగళవారం సాయంత్రం ఎవరు ఎలా ఉన్నారో చూడడం ఏ సంఘానికీ సాధ్యం కాదు. అది బ్లాకు బ్లాకుకీ జరగాలి.

అలాగని ఇది పెద్ద ఉద్యమమేమీ కాదు, సభ్యత్వ రుసుమూ అక్కర్లేదు. మన బ్లాకులో కొత్త కుటుంబం దిగితే సోనామసూరి ఎక్కడ చవకో, గోంగూర ముస్తఫాలోనా టెక్కా మార్కెట్లోనా, పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలో మనం ఎలాగూ చెబుతాం. దానితో పాటు సాయంత్రం ఎన్నింటికి కిందికి దిగుతామో కూడా చెబుదాం. మర్నాడు వాళ్లు రాకపోతే లిఫ్టెక్కి వెళ్లి తలుపు కొడదాం.