నువ్వే శాఖమ్మా?

మా అన్నయ్య కూతురు భాషాశాస్త్రంలో ఎమ్మే చేసి, పసిపిల్లలకి మాటలు ఎలా వస్తాయన్న దానిమీద పరిశోధన పూర్తిచేసింది. మొన్న ఏదో కాలేజీలో ఇంటర్వ్యూకని వెళ్ళి, సాయంత్రానికి ముఖం వేలాడేసుకుని లోయర్ ట్యాంక్ బండ్‌లో మా ఇంటికొచ్చింది.

"కాగ్నిటివ్ సైన్స్ చెప్పే ఉద్యోగమే అత్తయ్యా. మీది సైకాలజీ కాదు, కంప్యూటర్లూ కాదు, ఎమ్మే వాళ్ళు సైంటిస్టులెలా అవుతారన్నారు."

నేను చదివిందీ బి.ఏ.నే. ఆ మాట నాకే తగిలినట్టయింది. కాఫీ చేతికిచ్చి, అసలు ఆ సైన్సేమిటో చెప్పమన్నాను.

మనసు ఎలా తెలుసుకుంటుంది, ఎలా గుర్తుంచుకుంటుంది అని అడిగే శాస్త్రమట. 1978లో అమెరికాలో స్లోన్ ఫౌండేషన్ కోసం రాసిన నివేదికలో ఆరు శాస్త్రాలని ఆరు మూలలా పెట్టి బొమ్మ గీశారట. తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం, నాడీశాస్త్రం, కంప్యూటర్ సైన్స్.

"నీ భాషాశాస్త్రం ఉందిగా మరి!"

"బొమ్మలో ఉందత్తయ్యా, ఇంటర్వ్యూ గదిలో లేదు."

ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకాయన హెర్బర్ట్ సైమన్. డాక్టరేటు రాజనీతిశాస్త్రంలో. 1975లో కంప్యూటర్ వాళ్ళ ట్యూరింగ్ అవార్డు, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్. ఆయనే ఆ గదిలోకి వెళ్ళుంటే ఏ కుర్చీ చూపించేవారో! మన కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు గిండీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత యంత్రాలకి మనిషి మాట వినడం నేర్పి, 1994లో ఆ ట్యూరింగ్ అవార్డే అందుకున్నారు.

పిల్ల మనసు మళ్ళించాలని చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అష్టావధానం ఉంటే లాక్కెళ్ళాను. అవధానిగారు నిషిద్ధాక్షరిలో అక్షరం వెతుక్కుంటున్నారు, దత్తపది సగంలో ఉంది, పక్కన గంట మోగుతోంది. సరిగ్గా అప్పుడే అప్రస్తుత ప్రసంగి ఉప్మాలో ఉల్లిపాయ సంగతి ఎత్తాడు. సభ గొల్లుమంది.

"ఈయన సైంటిస్టు కాదుటే? ధారణ గురించి ఈయనకంటే ఎవరికి తెలుసు?"

"పరుగుపందెంలో గెలిచినవాడు కండరాల శాస్త్రవేత్త అయిపోతాడా అత్తయ్యా? ఈయన చేస్తున్నారు. ఎలా చేయగలుగుతున్నారో అడిగి, పరీక్షించి తేల్చేవాళ్ళు వేరే ఉండాలి."

నోరు మూసుకున్నాను. ఇన్నేళ్ళుగా మనసుల గురించి పేజీలకు పేజీలు రాశాను. ఒక్కటైనా నిజమో కాదో సరిచూశానా? నేనూ లెక్కలోకి రానన్నమాట.

కానీ నా కన్ను ఆ ఉప్మా పెద్దమనిషి మీదే ఉంది. అవధానిగారు తేలిగ్గా సాగిపోతున్నప్పుడు ఆయన పెదవి కదపడం లేదు. పద్యం మలుపు తిరిగేచోటే అడ్డుపడుతున్నాడు.

"మరి ఆయన మాటేమిటి? పరీక్షిస్తున్నాడుగా?"

పిల్ల ఓ క్షణం ఆగింది. "అవును సుమా! కాకపోతే రాసుకోవడం లేదు," అంటూ సంచిలోంచి ఇంటర్వ్యూ కాగితాలు తీసి, వాటి వెనకవైపు గడియారం చూసి టైములు వేయడం మొదలెట్టింది. ఏ ప్రశ్నకి ఎంతసేపు ఆగారు, ఎక్కడ తడుముకున్నారు, అన్నీ.

చివర ధారణలో అవధానిగారు ఒక్క అక్షరం పొల్లుపోనివ్వలేదు. సభంతా చప్పట్లు. మా పిల్ల మాత్రం కాగితాలు మడుస్తూ గొణిగింది:

"ఒక్క తప్పయినా చేసుంటే బాగుండేదత్తయ్యా. ఎక్కడ తెగుతుందో తెలిసేది!"