టికెట్టు పంచే చెయ్యి

పెద్ద హీరో సినిమా విడుదలంటే బెజవాడ గాంధీనగర్‌కి ఆ రాత్రి నిద్ర ఉండదు. అలంకార్ సెంటర్ నుంచి ఏ వీధిలోకి తిరిగినా కటౌట్లూ, పూలదండలూ, తీన్మార్ డప్పులే. కుర్రాళ్ల భుజాలకు చించిన కాగితాల సంచులు. టీకొట్టు ముందు వరసగా బైకులు. బెనిఫిట్ షో మొదలయ్యాక తెరమీద బొమ్మ సరిగ్గా కనిపించదు, మాట అసలే వినిపించదు. అలా ఉండాలనే వాళ్లు వచ్చారు... అది వేరే సంగతి.

అదే హాలుకి మూడోరోజు మ్యాటినీకి వెళ్లండి. కాగితాలు ఊడ్చేసి ఉంటాయి. పాలసీసాతో పసిపిల్ల, సమోసా కోసం పేచీ పెట్టే పిల్లాడు, ఇంటర్వెల్‌లో ఫోన్ చేసి గ్యాస్ కట్టేశారో లేదో కనుక్కునే ఇల్లాలు. మూడు రోజుల్లో ఊరు మారిపోలేదు. సినిమా మారలేదు. మారిందల్లా టికెట్లు పంచిన చెయ్యి.

అభిమానాన్ని బట్టి జనం వస్తారనుకుంటాం. ఇంట్లోంచి బయల్దేరదీసేది అభిమానమే, కాదనలేం. కానీ ఎవరి పక్కన ఎవరు కూచోవాలో, ఎవరు గేటు బయటే నిలబడిపోవాలో తేల్చేది మాత్రం టికెట్ల పంపకం. ఈ సంగతి బెజవాడకి తెలిసినంత బాగా ఇంకో ఊరికి తెలియదేమో!

పెట్టె దిగిందా?

ఊరికే అనడం లేదు. 1921లోనే పోతిన శ్రీనివాసరావు ఇక్కడ మారుతీ సినిమాహాలు పెట్టారు. ఆ తర్వాత నవయుగ ఫిలింస్ లాంటి పంపిణీ సంస్థలు ఈ ఊరిని కేంద్రంగా చేసుకున్నాయి. ఏ సినిమా ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో గాంధీనగర్ ఆఫీసుల్లోనే తేలేది. అప్పట్లో పంపకం టికెట్లతో మొదలయ్యేది కాదు, ప్రింట్లతో మొదలయ్యేది. ఉన్నవే కొన్ని ప్రింట్లు. అవి ముందు బెజవాడ, గుడివాడ, మచిలీపట్నం లాంటి ఎ సెంటర్లకి. అక్కడ ఆడి ఆడి గీతలు పడ్డాక బి సెంటర్లకి. చివరికి ఏ పల్లెటూరి టూరింగ్ టాకీసుకో చేరేసరికి పాటలు అందరికీ నోటికొచ్చేసి ఉండేవి.

అందుకే మొదటివారంలో చూడాలనుకున్న వాళ్లు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు నుంచి బస్సెక్కి బెజవాడ వచ్చేవారు. తొందరలేని వాళ్లు పెట్టె తమ ఊరికి దిగేదాకా ఆగేవారు. కోతలయ్యాక చూద్దాంలే అనుకున్నా సినిమా ఇంకా ఆడుతూనే ఉండేది. జనం వంద రోజుల పొడవునా పలచగా పరుచుకునేవారు. ప్రింట్లు వందల్లోకి పెరిగి, ఆపైన రీళ్లే పోయి డిజిటల్ వచ్చాక పల్లెకీ పట్నానికీ ఒకేరోజు సినిమా అందింది. మంచిదే. కానీ వంద రోజుల జనం మూడు రోజుల్లోకి వచ్చిపడ్డారు. ఇప్పటి తోపులాట అక్కడ పుట్టిందే.

ఇక టికెట్ల సంగతి. బెనిఫిట్ షో అంటే పేరుకి ఏదో మంచి పని కోసం వేసే ఆట. నడుస్తున్న తీరు మనందరికీ తెలుసు. ఆ ఆటకి టికెట్లు చాలావరకు అభిమాన సంఘాల చేతికి గుత్తగా వెళతాయి. సంఘం పెద్దలు తమ వాళ్లకు పంచుతారు. ఏ పేటకి ఎన్ని, ఏ కాలేజీకి ఎన్ని... లెక్కలుంటాయి. నిరుడు ఫ్లెక్సీకి చందా ఇచ్చిన వాడికి మధ్య వరస, ఇవ్వని వాడికి మూల సీటు. మిగిలిన వాటికి సిఫార్సు ఫోన్లు. స్టేషన్ నుంచి, ఆఫీసుల నుంచి, పలుకుబడి ఉన్న ఇంటి నుంచి. కాదంటే రేపు హాలు నడవొద్దూ! ఇవన్నీ పోగా కౌంటర్లో నికరంగా ఎన్ని తెగుతాయో బయట లైన్లో నిలబడ్డవాడికి ఎవరూ చెప్పరు.

ఇలా పంచితే లోపలికి ఎవరు చేరతారు? ఒకే వయసు, ఒకే గొంతు, ఒకే హీరో. ఆ హుషారులో ఒక అందం ఉంది, కాదనను. కానీ అది దానంతటదే పుట్టిన జనం కాదు. ఏరి పోగేసిన జనం.

దీనికి నేరుగా ఎదురు లెక్క ఒకటి ఉండేది. ఆడవాళ్ల కౌంటర్. నా చిన్నప్పుడు మా పెద్దమ్మకి సినిమాలంటే పెద్ద ఇష్టమేం లేదు. అయినా కొత్త సినిమా వస్తే ఇంట్లో మగపిల్లలంతా ఆమె చుట్టూ చేరేవారు. మగవాళ్ల లైను పాములా వీధి చివరిదాకా ఉంటే, ఆడవాళ్ల లైను పది నిమిషాల్లో కదిలేది. నన్ను చంకనేసుకుని ఇనుప కటకటాల సందులో చెయ్యిపెట్టి టికెట్లు తెచ్చేది. "నేను తెచ్చిన టికెట్లు, నేనెందుకు రాను" అని తనూ కూచునేది. అలా ప్రతి హాల్లోనూ మొదటివారమే కొన్ని వరసలు కుటుంబాలతో నిండేవి. ఎవరూ ఆడవాళ్లకు ఇన్ని సీట్లని రాసి పెట్టలేదు. ఒక కిటికీ విడిగా ఉండటమే చాలింది.

ఆన్‌లైన్ వచ్చాక ఆ కిటికీ అవసరం తీరిపోయింది. ఎండలో నిలబడక్కర్లేదు, చొక్కాలు చినగవు. సుఖమే. కాకపోతే బుకింగ్ తెరిచిన నిమిషానికే ఫోన్ పట్టుకుని కూచున్న వాడిది టికెట్టు. ఇంట్లో ఆ పని చేసేది ఎవరో వేరే చెప్పాలా?

అయిదు నుంచి వెయ్యి

ధర తగ్గిస్తే సామాన్యుడికి టికెట్టు దొరుకుతుందన్నది ఇంకో నమ్మకం. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 35 ప్రకారం పంచాయతీల్లో ఏసీ లేని హాలులో చివరి తరగతి టికెట్టు 5 రూపాయలు. టీ కూడా రాని డబ్బు. హాళ్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. 2022 మార్చిలో జీవో 13తో కనీస ధర 20 రూపాయలైంది. 2025 సెప్టెంబరుకి వచ్చేసరికి 'ఓజీ' బెనిఫిట్ షో టికెట్టు వెయ్యి రూపాయలకు అమ్ముకోవచ్చని అదే రాష్ట్రంలో అనుమతి. నాలుగేళ్లలో అటు చివర, ఇటు చివర! రెండుసార్లూ గొడవంతా ధర మీదే నడిచింది. మొత్తం సీట్లెన్ని, అందులో కౌంటర్లో పెట్టేవెన్ని అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు.

సినిమా వరకేనా? గాంధీనగర్లో ఆటో ఎక్కి బందరు రోడ్డు మీదుగా లబ్బీపేటలో దిగండి. ఇందిరాగాంధీ స్టేడియం. 2002 నవంబరు 24, ఆదివారం. భారత్, వెస్టిండీస్ జట్లు అప్పటికి చెరి మూడు మ్యాచ్‌లు గెలిచి, ఏడోదీ ఆఖరుదీ అయిన వన్డే కోసం ఇక్కడికొచ్చాయి. బెజవాడకి దక్కిన పురుషుల అంతర్జాతీయ వన్డే ఇప్పటికీ అదొక్కటే. పెళ్లిపిలుపు రానివాళ్లలా ఊరంతా ఒకరినొకరు అడుక్కున్నారు... "మీకేమైనా దొరికిందా?" మా వీధికి రెండు పాసులొచ్చాయి. ఎవరింటికొచ్చాయో ఇప్పటికీ చెప్పగలను. మేం టీవీలో చూశాం. శామ్యూల్స్ 108 నాటౌట్, వెస్టిండీస్ 315, మనవాళ్లు 180కే ఆలౌట్. పాసులు రాలేదన్న బాధ సాయంత్రానికి తీరిపోయింది లెండి.

పాసుల కోసం ఏకంగా మ్యాచే ఊరు మారిన సంగతి కూడా మన రాష్ట్రానిదే. 2018లో మళ్లీ వెస్టిండీస్ వచ్చింది. వన్డే ఒకటి ఇండోర్లో జరగాలి. నూటికి 90 టికెట్లు జనానికి అమ్మాలి, ఉచిత పాసులు 10 శాతం మించకూడదన్నది బోర్డు కొత్త నియమం. పాసుల వాటాల దగ్గర మధ్యప్రదేశ్ సంఘానికీ బోర్డుకీ పొసగలేదు. దాంతో మ్యాచ్ విశాఖకి తరలింది. అక్టోబరు 24న అక్కడ కోహ్లీ పదివేల పరుగులు దాటాడు, మ్యాచ్ టై అయింది. ఇండోర్ అభిమానులు చేసిన తప్పేమిటో మరి!

పంపకాన్ని దాచకుండా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. మన వాళ్ల పిల్లలు లేని ఊరు కాదుగా అది. డల్లాస్‌లో ఏటా అక్టోబరులో టెక్సస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాల జట్లు వాళ్ల ఫుట్‌బాల్ ఆడతాయి. మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డులాంటి బంతితో ఆడేది. కాటన్ బౌల్ అనే ఆ స్టేడియం ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు. తొంభైవేల పైచిలుకు సీట్లు. రెండు కాలేజీలకూ సగం సగం. మైదానం నడిమి గీత దగ్గర కత్తితో కోసినట్టు, ఒకవైపు జనమంతా ముదురు నారింజ రంగు, అటువైపంతా ఎరుపు. ఎవరి వాటా వాళ్లు పంచుకుంటారు. అక్కడా విరాళాలిచ్చిన పెద్దలకు ముందు, విద్యార్థులకు తర్వాత అన్న సణుగుడు ఉంది. కానీ ఎవరికెన్నో అందరికీ తెలుసు. దొరకనివాడు దొరకలేదని ముందే తెలుసుకుని ఇంట్లో టీవీ పెట్టుకుంటాడు.

మన దగ్గర ఆ సంగతి చివరిదాకా తెలియదు. తెలియనివాడు గేటు దగ్గరికొస్తాడు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఉప్పల్ మ్యాచ్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. ఎన్ని టికెట్లున్నాయో వచ్చినవాళ్లకు తెలియదు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల వరసల్లో ఆరుగురు చనిపోయారు. టోకెన్లిచ్చేది మర్నాడు తెల్లవారుజామున. దేవుడి దగ్గరికి కాదు, టోకెన్ దగ్గరికి వెళ్లి పోయిన ప్రాణాలవి.

అంతకు నెల ముందు, 2024 డిసెంబరు 4న, హైదరాబాద్ సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్. భర్త, పిల్లలతో వచ్చిన ఒక తల్లి తొక్కిసలాటలో చనిపోయింది. కొడుకు కొన్ని నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి హీరో రాక, పోలీసు బందోబస్తు, గేట్లు... వీటిమీద చాలా మాట్లాడుకున్నాం. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చింది. కుర్రకారు కోసం పోగేసిన ఆటకి ఒక కుటుంబం మొత్తం టికెట్లు పట్టుకుని వెళ్లింది. వాళ్లు నడవడానికి ఆ జనంలో విడిగా ఒక దారి లేదు.

మొన్న గాంధీనగర్లో ఒక పాత హాలు దగ్గర ఆగాను. మ్యాటినీ వేళ. పక్కగోడకి ఇనుప కటకటాలు, వాటిపైన 'ఆడవారు' అన్న అక్షరాలు రంగు వెలిసి కనిపిస్తున్నాయి. కటకటాల కింద స్కూటర్లు పెట్టుకున్నారు. కొడుకుతో వచ్చిన పెద్దావిడ ఒకరు అలవాటుకొద్దీ నేరుగా అటే నడిచారు. అతను ఫోన్ చూపించాడు. "ఇటు రామ్మా, తీసేశాను." ఆవిడ ఒకసారి ఆ కిటికీ వైపు చూసి, కొంగు సర్దుకుని అతని వెనక నడిచారు.