టీ గ్లాసుకు బార్‌కోడ్ ఉండదు

కూల్‌డ్రింకులు తగ్గించుకోవడానికి సాయపడే యాప్ ఒకటి తయారు చేస్తున్నాం, డాక్టరుగా మీ సలహా కావాలని తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే కొందరు పిల్లలు వచ్చి అడిగారు. ఆలోచన మంచిదే. సీసా మీది బార్‌కోడ్‌ను ఫోనుకు చూపిస్తే అందులో చక్కెర ఎన్ని గ్రాములో యాప్ చెబుతుంది. రోజు మొత్తం లెక్క కడుతుంది. తగ్గించినవాళ్లకు పాయింట్లు, స్నేహితుల మధ్య పోటీ, రాత్రి ఎనిమిదింటికి ఒక హెచ్చరిక. అంతా విన్నాక వాళ్లకు పోషకాహారం పాఠం చెప్పాలనిపించలేదు. నా ఓపీకి వచ్చే మనుషుల సంగతులు చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను. ఎవరినీ పోల్చుకోవడానికి వీల్లేకుండా వివరాలు మార్చాను.

మొదట ఒక జీపు డ్రైవరు. ముప్పై అయిదేళ్లుంటాయి. తిరుపతి నుంచి కొండకు యాత్రికులను తిప్పుతాడు. నెల రోజుల్లో మనిషి సగమైపోయాడని భార్య బలవంతాన తీసుకొచ్చింది. ఎండాకాలం కాబట్టి దప్పి మీద అతనికి అనుమానమే రాలేదట.

“దప్పి సార్. నాలుక పిడచకట్టుకపోతా ఉంది. ఎంత తాగినా ఆర్తా లేదు.”

“ఏం తాగతా ఉండావు?”

“నీళ్లతో ఆరేది కాదు సార్. కూల్‌డ్రింకే. పెద్ద బాటిళ్లు రెండు అయిపోతాయి రోజుకు.”

రక్తంలో చక్కెర అయిదు వందలు దాటి ఉంది. మూత్రంలో కీటోన్లు. తనకు మధుమేహం ఉన్న సంగతే అతనికి తెలియదు. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక బయటికి వదిలేస్తాయి. పోతూ పోతూ అది నీళ్లను కూడా లాక్కుపోతుంది. నీళ్లు పోతే దప్పి, దప్పికి తీపి నీళ్లు, దాంతో మరింత చక్కెర. ఇలా వచ్చే కుర్రాళ్లను చూసి జపాను వైద్యులు 1990లలో దీనికి ‘పెట్ బాటిల్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు. కొన్నాళ్లు ఇన్సులిన్ ఇచ్చి, సీసా మాన్పించాక అతను మాత్రలతో కుదురుకున్నాడు.

పిల్లలు అనుకున్న యాప్ ఇతని ఫోనులో ఉండి ఉంటే ఏం చేసేది? రోజుకు నాలుగు వందల గ్రాముల చక్కెర అని ఎర్ర రంగులో చూపి మందలించేది. అతనికి కావలసింది మందలింపు కాదు, వేలి కొస నుంచి తీసే ఒక రక్తపు చుక్క. దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగిన పెద్ద సర్వే 2023లో చెప్పింది. అంతకంటే ఎక్కువమంది దాని అంచున ఉన్నారు. అందుకే యాప్ మొదటి ప్రశ్న చక్కెర గురించి కాదు, దప్పి గురించి ఉండాలన్నాను. రాత్రిళ్లు ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు? బరువు తగ్గారా? అవునంటే ఇక పాయింట్లు, పోటీలు పక్కన పెట్టి, రేపే షుగరు చూపించుకోమని చెప్పాలి.

రెండో మనిషి బేల్దారి మేస్త్రి. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో తొమ్మిది పైన వచ్చింది. “కూల్‌డ్రింకు ముట్టను సార్, బిడ్డల మీద ఒట్టు” అన్నాడు. అబద్ధమేమీ కాదు. టీ సంగతి అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. పొద్దున పనికాడికి పోయే ముందు ఒకటి, ఇంటి యజమాని తెప్పించేది ఒకటి, పదకొండు గంటలకు ఒకటి, కూలీలతో ఒకటి, సిమెంటు అంగడిలో ఒకటి, సాయంత్రం బంకు దగ్గర ఒకటి. గ్లాసుకు రెండు చెంచాలు, అంటే పది గ్రాములు వేసుకున్నా రోజుకు అరవై. మామూలు కోలా పావు లీటరు సీసాలో ఉండేది ఇరవై ఆరు గ్రాముల దాకా. ఒక్క కూల్‌డ్రింకూ తాగని ఈయన రెండు సీసాల పైచిలుకు చక్కెర టీలోనే తాగేస్తున్నాడు. రోజుకు రెండు వేల క్యాలరీల తిండి తినే మనిషికి ఇలా విడిగా చేరే చక్కెర 50 గ్రాములు మించకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

టీ గ్లాసుకు బార్‌కోడ్ ఉండదు. జ్యూసు కొట్టులో చెరుకు రసానికీ, బాదం పాలకూ ఉండదు. మన వైపు ఎండాకాలమంతా అమ్మే నన్నారి షర్బత్‌కూ ఉండదు. నన్నారి సంగతి ఎత్తితే చాలామంది ఒప్పుకోరు. “అది చలవ కదా సార్, అడివి వేరు కదా” అంటారు. నన్నారి వేరులో పెద్దగా చక్కెర లేని మాట నిజమే. ఆ వేరు వాసన పట్టించిన పాకమంతా చక్కెరే. బెల్లం టీ అయితే పరవాలేదనేవాళ్లకూ ఇదే జవాబు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే.

మేస్త్రిని టీ మానమని నేను అడగలేదు. పనికాడ టీ అంటే కాస్త నడుం వాల్చడం, నాలుగు మాటలు చెప్పుకోవడం. అది మానమంటే మళ్లీ నా దగ్గరకు రాడు. ఆరింటిలో తన చేతిలో ఉన్నవి ఏవో చూసుకోమన్నాను. రెండని తేలింది, ఇంట్లోదీ బంకు దగ్గరదీ. ఇంట్లో భార్యకూ, బంకులో టీ మాస్టరుకూ చక్కెర సగం వేయమని చెప్పుకున్నాడు. నెలకు నాలుక అలవాటు పడింది. తక్కినవాటిలోనూ తనే తగ్గించమనడం మొదలుపెట్టాడు. తర్వాతి పరీక్షలో అంకె దిగింది, మందు పెంచే పని పడలేదు. ఇందులో యాప్ చేయగలిగిన సాయం ఉంది. మొత్తం లెక్క రాయించడం కంటే, ‘మీ చేతిలో ఉన్న పూట ఏది?’ అని అడగడం.

మూడో ఆమె చిత్తూరు నుంచి వచ్చే పెద్దావిడ. వేలూరు ఆస్పత్రిలోనూ చూపించుకుంటుంది, పథ్యం బాగా తెలుసు. ఇంట్లో చక్కెర డబ్బానే ఉంచదు. అయినా నెలలో కొన్ని రోజులు అంకె పైకి పోతుంది. ఆ రోజులు ఏవా అని చూస్తే పెళ్లిచూపులు, పరామర్శ, గృహప్రవేశం, వియ్యంకుల ఇల్లు. గడప తొక్కగానే అంగడికి పిల్లాడిని పంపి కూల్‌డ్రింకు తెప్పించడం మన మర్యాద. ఆస్పత్రిలో ఉన్న మధుమేహ రోగిని చూడటానికి వచ్చేవాళ్ల సంచిలోనూ అదే సీసా. “వొద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు నాయనా. నా రోగం వాళ్లకేం తెలుసు?” అంది.

దారి కూడా ఆమే కనిపెట్టింది. వద్దనడం మానేసి అడగడం మొదలుపెట్టింది. ఎవరింటికి పోయినా కూర్చోకముందే, “కొంచెం మజ్జిగ ఉంటే ఇయ్యమ్మా, ఎండన పడి వొచ్చినా” అంటుంది. వద్దంటే ఎడమవుతుంది, అడిగితే చనువవుతుంది. ఇంటావిడకు ఇవ్వడానికి ఒకటి దొరుకుతుంది, ఈమెకు తాగడానికి ఒకటి. యాప్‌లో పాయింట్ల పట్టికకు బదులు ఇలాంటి మాటలు పెట్టండి, అవి డాక్టర్లకంటే రోగులకే బాగా తెలుసు అన్నాను.

అన్ని తీపి నీళ్లూ ఒకే కారణంతో తాగరు. కొన్ని మందనుకొని తాగిస్తారు. విరేచనాలు అవుతున్న రెండేళ్ల బిడ్డను ఒక అవ్వ తీసుకొచ్చింది. రెండు రోజులుగా ఓఆర్‌ఎస్ పడుతున్నామంది. చేతిలో ఉన్నది పండ్ల రుచి డబ్బా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, దానికి సరిపడా లవణాలు ఉంటాయి. ఆ కొలత మీదే పేగు నీటిని పీల్చుకుంటుంది. చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉంటే పేగు నీటిని లోపలికి తీసుకోకపోగా ఒంట్లోంచి లాగి విరేచనాన్ని పెంచుతుంది. ఇలాంటి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రమాణానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ అవ్వ చేతిలో ఏ ఫోనూ లేదు. ఉన్నా తను వెతికేది కూల్‌డ్రింకు గురించి కాదు, బిడ్డ విరేచనాల గురించి. అక్కడ కూడా యాప్ సరైన మాట చెప్పగలగాలి.

అయిదో సంగతికి పిల్లలు నివ్వెరపోయారు. చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయన. మధుమేహానికి గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకుంటాడు. బెంగళూరులో ఉండే కొడుకు రోజూ ఫోను చేసి “చక్కెర ముట్టొద్దు నాయనా” అని ఒట్టు వేయించుకునేవాడు. ఒక పొద్దున మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా చేనికి పోయాడు. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. ఇంటావిడ చక్కెర నీళ్లు కలిపి నోటికి అందిస్తే పళ్లు బిగించాడు. కొడుకు వద్దన్నాడట. తెచ్చేసరికి రక్తంలో చక్కెర నలభై దగ్గర ఉంది. నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే కళ్లు తెరిచాడు.

ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు చక్కెర పడిపోయినప్పుడు ఆ తీపి నీళ్లే మందు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయాలి. మగతలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తేవాలి. ఆ సమయంలో జీరో షుగర్ సీసా ఎందుకూ పనికిరాదు. కాబట్టి ‘చక్కెర ముట్టొద్దు’ అని అందరికీ ఒకే మాట చెప్పే యాప్ ఎక్కడో ఒక ప్రాణం మీదికి తెస్తుంది. ‘కూల్‌డ్రింకుకు బదులు టెంకాయ నీళ్లు తాగండి’ అన్న సలహా కూడా అలాంటిదే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండె లయ తప్పించగలదు. ఏం మందులు వాడుతున్నారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి అని అడగకుండా యాప్ ఏ బదులూ చెప్పకూడదు.

బంగారుపాళెం దగ్గరి మామిడి రైతొకాయన ప్రశ్నకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. “మేం పండించింది పనికిరాదంటారా సార్?” అన్నాడు. చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జే దేశంలోని మామిడి పానీయాలకు పెద్ద ఆధారం. 2025లో ధర పడిపోతే కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇచ్చేలా పన్నెండు ఖాయం చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి గ్యాసు కలపని పండ్ల పానీయాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. గ్యాసు కలిపిన కూల్‌డ్రింకుల మీద 40 శాతం, జీరో షుగర్ అయినా అంతే. రైతుకు మేలు చేసే ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ పండ్ల పానీయం అని పిలిపించుకోవడానికి పది శాతం పండు ఉంటే చాలు, తక్కినది చాలా వరకు నీళ్లూ చక్కెరా. కోలాకు దీటుగా చక్కెర ఉన్న మామిడి సీసా ఎనిమిదో వంతు పన్నుతో అంగడికి వస్తోంది. పండు తినవచ్చు, ఎంత తినాలో కలిసి చూసుకుందాం, సీసా వేరని ఆయనకు చెప్పాను. పన్ను వేసేవాళ్లు గ్యాసును కాక చక్కెరను కొలిస్తే నా పని కొంత తేలికయ్యేది. బ్రిటన్ 2018 నుంచి అలాగే కొలుస్తోంది, అక్కడి కంపెనీలు తమంతట తామే చక్కెర తగ్గించాయి.

మరి యాప్ వల్ల ఏం ఉపయోగమని పిల్లలు డీలా పడ్డారు. ఉపయోగం ఉంది. మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. మధుమేహం అంచున ఉన్న 537 మంది మగ ఉద్యోగులు. అందరికీ తిండి, వ్యాయామం గురించి చెప్పారు. సగం మందికి అదనంగా ఫోనుకు మామూలు ఎస్సెమ్మెస్‌లు పంపారు, అదీ ఎవరికి ఏ వేళ వీలో అడిగి. రెండేళ్లలో సందేశాలు అందనివాళ్లలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది, అందినవాళ్లలో 18 శాతానికే. కెమెరా లేదు, పాయింట్లు లేవు. తెలిసిన మాటే, సరైన వేళకు అందింది.

అందుకే వాళ్లకు నేను చెప్పినది ఇంతే. రాత్రి ఎనిమిదింటి హెచ్చరిక తీసేయండి, ఆ వేళకు తాగాల్సింది తాగేసి ఉంటారు. బేల్దారికి పదకొండు గంటలకు ముందు, ప్రయాణం పోయే పెద్దావిడకు గడప తొక్కే ముందు మాట అందాలి. చదవలేనివాళ్లకు వినిపించండి, మన యాసలో. ఫోను కొడుకుదైనా టీ కలిపేది తల్లి కాబట్టి ఆమెనూ కలుపుకోండి. ఒకేసారి అన్నీ మాన్పించకుండా ఒక్క పూట, ఒక్క గ్లాసు ఎంచుకోనివ్వండి. పదిహేను రోజులకోసారి ఏ పూట కుదిరింది, ఏ పూట కుదరలేదు అని అడగండి. కుదరని పూట మనిషిది ఓటమి అని తెర మీద రాయకండి. ఆ పూట ఎవరు పిలిచారో, ఎంత ఎండలో ఉన్నారో, చుట్టుపక్కల తాగే నీళ్లు ఉన్నాయో లేవో మీకింకా తెలియలేదన్నమాట. అది తెలుసుకొని మార్చాల్సింది యాప్‌ను.