చీపురు వంతు

బళ్ళో నా చేతికి పలకకన్నా ముందు చీపురొచ్చింది.

గూడెం నుంచి ఐదుగురం పోయేవాళ్ళం. గంట కొట్టకముందే చేరాలి. గది ఊడవాలి, అయ్యవారి బల్ల తుడవాలి. బల్ల ముట్టుకోవచ్చుగాని దాని పక్కనున్న నీళ్ళకుండ ముట్టుకోగూడదు. దప్పికైతే ఊరి పిల్లలెవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. "పని నేర్చుకోండ్రా, పనికొస్తది" అనేవాడు అయ్యవారు. ఊరి పిల్లలకు మాత్రం ఆ పాఠం ఒక్కనాడూ చెప్పలా.

మా అయ్య చెప్పులు కుట్టేవాడు. తోలు మీద పాదం పెట్టించి ఆరెతో చుట్టూ గీత గీసేవాడు. ఒక తోల్లో ఎన్ని జతలొస్తయ్యో కళ్ళతోనే తూచేవాడు. ముక్క వృథా పోయేది కాదు. అది కూడా లెక్కేనని బళ్ళో ఎవరూ అనలేదు. నేను లెక్క తప్పితే మాత్రం "తోలు కోసే బుర్రకు లెక్కలెట్టా ఎక్కుతయ్‌రా" అన్నారు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగేనీళ్ళు మురికి చెయ్యొద్దన్నకాడ మొదలైన గొడవ అది. అప్పుడు నేను హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నా. ఆ రాత్రి నాకు మా బడి కుండే కళ్ళ ముందు మెదిలింది. సతారా బళ్ళో బంట్రోతు పోస్తేగాని అంబేద్కర్‌కు నీళ్ళు లేవని తర్వాతెప్పుడో చదివాను. మన కుండ చాలా పాతదే అనుకున్నా.

చదివి నేనూ టీచర్నయ్యా. మార్చేస్తాననే వెళ్ళా. ఒకరోజు "గది ఊడవండ్రా" అన్నాను. ఎవర్నీ పేరుపెట్టి పిలవలేదు. గూడెం పిల్లలు ముగ్గురూ లేచారు. మిగతావాళ్ళు కదల్లేదు. నేను హాజరుపట్టీ రాసుకుంటన్నా. ఆ ముగ్గుర్లో ఒక పిల్ల చీపురు పట్టుకునే అడిగింది: "సార్, మీరూ మావోళ్ళేగా. మమ్మల్నే ఎందుకు లేపారు?"

"నేను లేపలేదమ్మా."

"కూచోమని గూడా అన్లేదుగా సార్."

జవాబు లేదు నాకాడ. నా నోట్లోంచి మా అయ్యవారే మాట్లాడాడు.

మర్నాడు గోడకు వంతుల పట్టీ అంటించా. ఊడవటానికి, నీళ్ళు పోయటానికి రెంటికీ ఒకటే పట్టీ. మొదటి పేరు నాది. ఆ తర్వాత హాజరుపట్టీ వరస. వారం తిరక్కముందే ఒక పెద్దమనిషి వచ్చాడు. "మావోడు ఊడవటానికొచ్చాడా బడికి?" అన్నాడు. "నేనూ అందుకు రాలేదండీ. అయినా సోమవారం వంతు నాదే" అన్నా. నలుగురు పిల్లలు టీసీలు తీసుకుని ప్రైవేటు బడి వ్యానెక్కారు. పిల్లలు తగ్గితే పోస్టు పోద్దని తోటి టీచరు చెప్పాడు. నాకూ భయమేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టీ మాత్రం పీకలేదు.

ఉపాధి హామీ పనులొచ్చాక, 2008 ఒంటిపూట బడుల రోజుల్లో, ఏడో తరగతి పిల్లల్ని చెరువు పూడిక పనికాడికి తీసుకెళ్ళా. ఘనపరిమాణం పాఠం. తవ్వకముందు నేల ఎంత ఎత్తుందో తెలియటానికి గుంట మధ్యలో చిన్న మట్టిదిబ్బ వదులుతారు. దానికాడ టేపు పెట్టాలి. పిల్లలు పెట్టారు. పొడవు 6 మీటర్లు, వెడల్పు 3, లోతు అరమీటరు. 9 ఘనపు మీటర్లు. కొలతల పుస్తకంలో లోతు 40 సెంటీమీటర్లే ఉంది. అంటే 7.2. కూలి కొలతను బట్టేగా ఇచ్చేది. ఆ తేడా ఎవరి కష్టం?

అప్పుడు నన్నడిగిన పిల్లే తల్లి ముందు నిలబడి నేల మీద పుల్లతో గుణించి చూపింది. ఆ తల్లికి చదువు రాదు. అయినా అంకెల్ని వేలితో తడిమింది. "సారూ, మళ్ళీ కొలవమను" అంది కొలిచినాయనతో. ఆయన నావంక గుర్రుగా చూశాడు. "పిల్లలకు ఇవా నేర్పేది మాస్టారూ?" అన్నాడు. కానీ ఆడవాళ్ళంతా పారలు కిందపెట్టి గుంట చుట్టూ నిలబడ్డారు. మళ్ళీ కొలిచాడు. దిద్దాడు.

బడి పిల్లలకు లోకం తెలియాలని, టీచర్లకు నిబద్ధత కావాలని ఇవాళ అందరూ అంటన్నారు. మా పిల్లలకు లోకం ఎప్పుడో తెలుసు. చీపురులోనూ, తోలులోనూ, పారలోనూ తెలుసు. బడికే వాళ్ళ లోకం తెలియదు. నిబద్ధతంటే నామటుకు నాకు పెద్ద మాటేం కాదు. సోమవారం గంట కొట్టకముందు పోయి, నా వంతు నేను ఊడవటమే.