గండికోట బండలమీద ఒక పూట

మన యిండ్లలోని స్త్రీలు నడువలేరని పురుషులు పలుమాఱు పరిహాసమాడుదురు. వంటయింటినుండి పెరటికి, పెరటినుండి మిద్దెమీదికి మనము దినమునకు నడచెడి నడకను కొలిచిన నెన్ని కోసులగునో వారెఱుగరు. ఐతే పనిలేక, కేవలము చూచుటకై నడచిన నడక మాత్రము మాకును ఇంతవఱకు తటస్థింపలేదు. గత సంక్రాంతి సెలవులలో పిల్లల పోరు పడలేక ప్రొద్దుటూరినుండి గండికోటకు బయలుదేరితిమి.

మేము, మా వారు, పిల్లలిద్దఱు. డెబ్బదియేండ్ల మా అత్తగారిని ఇంటనుంచి వెళ్లుదమని మా యభిప్రాయము. కాని గండికోట యను పేరు వినగానే ఆమె తెల్లవాఱకముందే తలస్నానముచేసి అరుగుమీద కూర్చుండిరి. జొన్నరొట్టెలు, చెనక్కాయలపొడి, పెరుగన్నము మూటగట్టితిమి. ఆమె మాత్రము ఒక ఇత్తడిచెంబునిండ నీరుపోసి, మూతికి తడిగుడ్డ చుట్టి, చంకనుంచుకొనిరి. నీళ్లసీసాలు నాలుగుండగా ఈ బరువెందుకని మేము నవ్వితిమి. ఆ నవ్వునకు తరువాత సిగ్గుపడవలసి వచ్చినది.

జమ్మలమడుగువఱకు బస్సులో పోయితిమి. అచ్చటినుండి గండికోట పదునైదు కిలోమీటర్లు. ఆటోలో చాలదూరము పోయి, కడపటి మూడు కిలోమీటర్లు పిల్లల కోరికపై నడచితిమి. దారిప్రక్కల తంగేడు, నాగజెముడు, పండిన రేగుపొదలు. పిల్లలు జేబులనిండ రేగుపండ్లు నింపుకొనిరి.

ఎఱ్ఱమల కొండలను పెన్నానది కోసికొనిపోయిన చోటనే ఈ కోట యున్నది. కొండనడుమ నది చేసిన సందును గండి యందురు. పేరు అందుండి వచ్చినదే. నది నంది కొండలలో పుట్టి మన జిల్లాకు వచ్చి, ఇచ్చట ఇంచుమించు మూడువందల అడుగుల లోతున పాఱుచున్నది. ఇరుప్రక్కల నున్న ఎఱ్ఱబండలు గోడకు పేర్చిన ఇటుకలవలె వరుసలు వరుసలుగా నున్నవి. ఇవి నూఱుకోట్ల సంవత్సరములకు మునుపే నీటియడుగున ఇసుక పేరుకొని గట్టిపడగా ఏర్పడినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ రాళ్ల పొరలకు లోకమంతట కడప పేరే వాడుకలో నున్నది. విలియం కింగ్ అను నాతడు 1872లో వీనినిగూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. దారిలో ఒక బండమీద నీటి యలల గుర్తులు కనబడగా మా చిన్నది దానిపై చేయి రాచి, "ఇది తడిగా లేదే!" అని యాశ్చర్యపడినది.

కోటను పెమ్మసానివారు పాలించిరి. 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇచ్చటికి వచ్చి ఆతనిని కలసికొని, తాను చూచినదంతయు వ్రాసిపెట్టెను. మాధవరాయస్వామి గుడి శిల్పము, జుమ్మామసీదు, పావురాల గోపురము అందఱును చూచునవే, మేము విస్తరింపము. మా మనస్సునకు పట్టినవి ధాన్యపుకొట్టు, కోనేరు. ఆ కొట్టు కమానుకప్పు క్రింద నిలుచుండి మాటాడిన మాట మరల మనకే వినబడును. కొండక్రింద నదియుండియు పైనున్నవారు కోనేరు త్రవ్వుకొనిరి, చెరువు కట్టుకొనిరి. ముట్టడి వచ్చినపుడు క్రిందికి దిగి నీరు తెచ్చువారెవరు? కడవ మోసిన స్త్రీకే ఈ యాలోచన ముందు తట్టియుండునని మా నమ్మకము.

భోజనమైన పిమ్మట గండియంచు వెంబడి మేకల కాలిబాట పట్టితిమి. ఒక గడియలో దారి తప్పితిమి. ఎటు చూచినను ఒకే తీరు బండలు. ఎండ నడినెత్తి దాటినను బండల వేడి తగ్గలేదు. సీసాలు నాలుగును ఖాళీ. చిన్నది ఏడ్చుచు కూలబడినది. క్రింద పచ్చని నీరు నిండుగా మెఱయుచున్నది. పైన మా నోరెండుచున్నది.

"నీళ్లు కనపడతాండాయి గదా అని దప్పిక తీరుతుందా అమ్మాయ్?" అని అత్తగారు చెంబు గుడ్డ విప్పిరి. పిల్లలకు రెండేసి గుక్కలు, మాకొక్కొక్కటి. ఆమె పెదవులు తడుపుకొని ఊరకుండిరి. అంతలో మేకలు తోలుకొనుచు ఒక ముదుసలి వచ్చినది. "ఈ బండలన్నీ ఒగటే మాదిరుంటాయి తల్లీ. కోటగోడను కుడిచేతికి పెట్టుకోని నడవండి" అని దారి చూపి పోయినది.

తిరిగి వచ్చునపుడు గోడనీడను అత్తగారు ఆగి పడమటి దిక్కునకు చూడసాగిరి. ఆమె పుట్టినయూరు అటువైపే, గండికోట జలాశయములో మునిగినది. 2020లో నీరు నిండుగా నిలిపినపుడు తాళ్ళప్రొద్దుటూరు మొదలగు ఊళ్లవారు ఇండ్లు విడిచిరి. ఆమె పుట్టింటివారును వారిలో నున్నారు.

"మా ఇంటిముందర చేదబాయి ఉండె. ఎండాకాలం పది చేదలు తోడితే ఒక బిందె నిండేది. ఇప్పుడు ఆ బాయిమింద ఎంత లోతు నీళ్లుండాయో!" అనిరి. కంట నీరు లేదు.

మాకు మాట రాలేదు. మా పుట్టినిల్లు పులివెందుల దగ్గఱ పల్లె. ఒకయేడు బోరెండి మా నాయనగారు చీనీతోటలో సగము చెట్లు నఱకించిరి. ఆనాడు మా అమ్మ రెండుదినములు అన్నము ముట్టలేదు. గండికోటనుండి ఎత్తిపోతలద్వారా చిత్రావతి జలాశయమునకు నీరెక్కిన పిమ్మటనే తిరిగి మొక్కలు నాటిరి. అత్తగారి బావిని ముంచిన నీరే మా తోటను నిలిపినది. పెండ్లియై ఇన్నేండ్లైనను ఈ రెండును ఒకచోట పెట్టి మేము తలపలేదు. ఆమె తలచియుండిరా యని అడుగుటకు నోరాడలేదు.

మాపటికి జమ్మలమడుగు చేరి, బస్సులో పిల్లలు మా యొడిలో నిద్రపోగా ఇల్లు చేరితిమి. చెంబును మేమే తోమి బోర్లించితిమి.

నెలదాటిన తరువాత మా నాయనగారు ఒక గంప చీనీకాయలు పంపిరి. ఎప్పటివలె వానిని వంటయింటిలో దాచుటకు మాకు చేతులు రాలేదు. గంపను తెచ్చి అత్తగారి ముందుంచితిమి. ఆమె ఒకదానిని తీసి, బొటనవ్రేలితో తోలు గిల్లి వాసన చూచిరి. తొనలు తీసి ముందు పిల్లల చేతిలోను, పిదప మా చేతిలోను పెట్టి, కడపట తానొకటి నోటవేసికొనిరి.

"తియ్యగుండాయి. మీ నాయనకు చెప్పు" అనిరి.