కాఫీ లేఖలు: గుత్తి, హిందూపురము

గుత్తి

తమ్ముడా,

గుంతకల్లు దాటినది మొదలు ఎఱ్ఱనేలయు, రాతిగుట్టలును, వానకై యెదురుచూచు వేరుసెనగ చేలును దప్ప వేఱొండు కానరాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియు నీ పీఠభూమిలో కాఫీమొక్క బ్రతుకుట కల్ల; అయినను కోటక్రింది వీథిలో ప్రొద్దుటనే గింజలు వేగు కమ్మని వాసన. చిక్కమగళూరు కొండల పచ్చిగింజలను దుకాణదారు ఇనుపపీపాలో పోసి, సెగపై పిడి త్రిప్పుచు, కంటికంటె చెవినే నమ్మి, చిటపటలు సద్దుమణగగనే జల్లెడపై గ్రుమ్మరించి విసనకఱ్ఱతో చల్లార్చును.

ఈ శ్రమను ఇల్లాండ్రకు తప్పించి, దానినే మహావ్యాపారముగా మలచినవారిలో అమెరికాయందలి పిట్స్‌బర్గ్ నగరవాసులగు ఆర్బకిల్ సోదరులు, జాన్, చార్లెస్‌లు, అగ్రగణ్యులు. అంతవఱకు అచటి జనులు పచ్చిగింజలు కొని పెనముపై వేయించుకొనుచు, నాలుగు గింజలు మాడినచో కాఫీ యంతయు చెడగొట్టుకొనుచుండిరి. వేయించినవి నిలువయున్న పరిమళము పోవును గనుక, ముందుగా వేయించి దూరదేశములకు పంపుట వర్తకులకు గిట్టదయ్యెను. 1864లో జాబెజ్ బర్న్స్ అనునతడు వేగిన గింజలను తనంత తానే వెలికి గ్రుమ్మరించు యంత్రమునకు పేటెంటు పొందగా, 1868లో జాన్ ఆర్బకిల్, వేరుసెనగపప్పునకు బెల్లపుపాకము పట్టించినట్లు, గ్రుడ్డు, పంచదారలు చేరిన పూతను గింజలకు పట్టించి పరిమళమును బంధించు నుపాయమునకు తానొక పేటెంటు సంపాదించెను. (గ్రుడ్డు సంగతి అమ్మ చెవిని వేయకుము, కాఫీ మానివేయగలదు.)

1873లో వెలసిన వారి 'అరియోసా' సరకు ఎట్టిదనుకొంటివి? పౌనుకొక కాగితపుసంచి, దానిపై నెగురు దేవదూత బొమ్మ, లోపల నొక పిప్పరమెంటు కడ్డీ. సంచిపైని ముద్రలు కత్తిరించి కూడబెట్టి పంపినవారికి క్షౌరపుకత్తి మొదలు పెండ్లియుంగరము వఱకు బహుమానములు! పశ్చిమపు బీడునేలలలో పశువులమందల వెంట సాగు వంటబండ్లయందు దానికే పెద్దపీట.

హిందూపురము

తరువాయి క్లుప్తముగా వ్రాసెదను. ఆర్బకిల్ పంచదార వ్యాపారమునను కాలుపెట్టగా, ఆ రంగమున కధిపతియగు హేవ్‌మేయర్ కినిసి, 1896లో టొలీడోనగరపు కాఫీ వేయించు వుల్సన్ స్పైస్ సంస్థను కొని, ధరలు దిగగోసెను. ఏండ్లతరబడి ఇరువురును చేతిచమురు వదల్చుకొనిరి. నాకిది వర్తకముగా తోపదు, పంతము.

పిట్స్‌బర్గ్ దాపున కాఫీతోటలు లేవు. మన పసుపుకొమ్ముల దుగ్గిరాలయు నంతియే గదా! అయినను చల్లా రాజేంద్రప్రసాద్ గారు 1994లో స్థాపించిన సంస్థ యచటనే గింజలు వేయించి, కషాయము తీసి, పొడిగా మార్చి దేశదేశములకు పంపుచున్నది. తోట గలవానికంటె వేయించువానికే పేరు దక్కుట నాకు న్యాయముగా తోపకున్నను, జరుగుచున్నది మాత్రమదియే. నీవు తెనాలి పోవునపుడు దారిలోనిదే కనుక, ఒకపూట దిగి, పచ్చిగింజలు ఏ కొండలనుండి వచ్చుచున్నవో విచారించి వ్రాయుము. జాబు బెంగుళూరు చిరునామాకే పంపుము.