చక్రముల యింటికి క్రొత్త ఫోము పట్టీ

సంసారము నంతటిని చక్రములమీద నెక్కించుకొని దేశాటనము చేయుట మన సోదరీమణులలో ననేకులకు వింతగా దోపవచ్చును. అమెరికాలో నిది పాత ముచ్చటయే. అయోవా రాష్ట్రమునందలి ఫారెస్టుసిటీలో 1966వ సంవత్సరమున వినెబాగో కంపెనీవారు మోటారు ఇండ్లను తయారుచేయ మొదలిడిన పిదప సామాన్యగృహస్థులకును ఇవి యందుబాటులోనికి వచ్చినవి. ఒహాయోలో కాపురముండు మా యింటగూడ నట్టి బండి యొకటి, వేరొకరు చేసినది, 1970 ప్రాంతములనాటిది గలదు. పొయ్యి, పడక, నీళ్లతొట్టి అన్నియు నందున్నవి. వయస్సుమాత్రము మాకంటె దానికే యెక్కువ.

ఇట్టి బండ్లకు ముసలి ఇంజనుకంటె వాన పెద్ద శత్రువు. గోడలో లోపల కొయ్యచట్రము, పైన పలుచని అల్యూమినియపు రేకు. కిటికీచుట్టు అంటించిన మైనమువంటి పట్టీ ఏండ్లు గడచినకొలది యెండి బీటలువారును. ఆ సందున దూరిన నీరు వెలుపలివారికి కనబడదు. రేకు తళతళలాడుచునే యుండును; లోపలి కొయ్య చివుకుచుండును. మా బండిలో వెనుక పడకప్రక్క కిటికీక్రింద వ్రేలితో నొక్కగా పలక తడిసిన అట్టవలె లోపలికి పోయినది. బూజువాసన సరేసరి. ఆ పడక అత్తగారికై యేర్పరచినది. ఆమెకు ఉబ్బసము. రాజమహేంద్రవరమునుండి ఆరుమాసములకై వచ్చిన యామెను పిట్సుబర్గు వేంకటేశ్వరస్వామి దర్శనమునకు ఆ బండిలోనే తీసికొనిపోవలెనని మా సంకల్పము. బూజుప్రక్కన నామెను పరుండబెట్టుటెట్లు? కిటికీ బాగుపడనిచో బండి నమ్మివేయుటకే నిశ్చయించుకొంటిమి.

డబ్బానుండి చిమ్మెడు పొంగు ఫోము వాడుడని పలువురు సలహా నిచ్చిరి. అది గాలిలోని తేమను గ్రహించి గట్టిపడును. గట్టిపడకముందు చేతికి, కంటికి, ఊపిరికి మంచిది కాదు. చేతితొడుగులు, కంటద్దాలు లేనిదే ముట్టరాదు, దగ్గర నిప్పుండరాదు. పొంగి పలుచని పలకలను ఉబ్బించును. ఎండ తగిలిన పసుపెక్కి పొడి యగును. అన్నిటికంటె ముఖ్యము, చెమ్మపట్టిన కొయ్యప్రక్కన దానిని నింపినచో ఆ చెమ్మ ఆరుటకు దారి యుండదు. ఉబ్బసపు మనిషి నిద్రించు చోట నది వలదని త్రోసివేసితిమి.

మేము తెప్పించినది మరియొక విధమైనది. జిగురు పట్టించి, అదిమి, చుట్టగా చుట్టిన ఫోము పట్టీ. ఐరోపాలో భవనముల కిటికీసందులకు దీనిని వాడుదురు. బండికి వాడుటయే మాకు క్రొత్త. కట్టు విప్పిన దూదిపరుపువలె నిది మెల్లమెల్లగా లేచి యెగుడుదిగుడు సందును తానే నింపుకొనును. చలి యుదయమున వెలుపల నుంచిన ముక్క సాయంత్రమునకును సరిగా లేవలేదు. వంటయింటి వెచ్చదనములో నుంచినది మధ్యాహ్నమునకే లేచినది.

కిటికీకి పెట్టకముందే పరీక్షించితిమి. రెండు పలకల నడుమ మూడుప్రక్కల పట్టీ నంటించి, 6 మిల్లీమీటర్ల సందు విడిచి బిగించి, అది నిండుగా లేచిన తరువాత పైనుండి రెండంగుళముల లోతున నీరు పోసితిమి. గంటసేపు చుక్కయైన దిగలేదు. సందును 14 మిల్లీమీటర్లకు పెంచి మరల చేయగా నీరు చెమర్చి కారినది. చుట్టమీద 4 నుండి 9 వరకే యని వ్రాసియున్నది. ఆ వ్రాత యలంకారమునకు గాదు. దీని బలమంతయు అదిమిపట్టబడుటలోనే యున్నది. విచ్చలవిడిగా వదలినచో నిది వట్టి స్పంజి.

పిదప కిటికీ నూడదీసి, పాత మైనమును గీకి, చివికిన కొయ్యను కోసివేసి క్రొత్త దేవదారుకొయ్య వేసితిమి. తొమ్మిదిదినములు పంకా పెట్టి యారబెట్టితిమి. ఈ యారబెట్టుటయే పనిలో సగము. త్వరపడువారు ఫోము జోలికి పోకుండుట మేలు. వెలుపలి యంచుక్రింద మామూలు బ్యుటైలు పట్టీ, లోపలి సందులో ఫోము. మూలలలో వంచక, ముక్కలు కోసి ఒకదాని కొకటి ఒత్తుకొనునట్లు పెట్టితిమి. కిటికీచట్రపు అడుగున లోపలి నీరు పోవుటకు చిన్న రంధ్రము లుండును. వానినిగూడ మూసిన మరింత భద్రముగదా యని మాలో నొకరనగా అత్తగారు, “పూలకుండీకి అడుగున చిల్లి లేకపోతే మొక్క కుళ్లిపోదుటే అమ్మాయీ?” అనిరి. రంధ్రము లట్లే యున్నవి.

తోటగొట్టముతో నరగంటసేపు నీరు కొట్టితిమి. తరువాత రెండురాత్రులు నిజమైన వానయే కురిసినది. కిటికీక్రింద పరచిన వార్తాపత్రిక ఉదయమునకు గలగలలాడుచుండెను. రెండు పట్టీలకు నైన వ్యయము 50 డాలర్లకు లోపలే.

పిట్సుబర్గు ప్రయాణములో అత్తగారు ఆ పడకమీదనే నిద్రించిరి. మందు పీల్చవలసిన యవసరము రాలేదు. అయితే త్రోవలో కురిసిన జల్లునకు వంటపొయ్యిపైని గాలికిటికీనుండి నాలుగుచుక్కలు పప్పుగిన్నెలో పడినవి. పైకప్పుమీద నీరు నిలుచు చోట నీ పట్టీ పనికిరాదు. అచ్చట పూత వేయవలెను. ఆ డబ్బా తెప్పించియుంచితిమి, ఎండలు ముదురగనే నిచ్చెన వేసెదము.